తొమ్మిదో టేపులో గోడ

కుట్టు గది,
మార్చి 3

వదినగారికి నమస్కారాలు.

పార్సిల్ అందింది. పెన్‌డ్రైవు, దాని చుట్టూ మీరు చుట్టిన మూడు ప్లాస్టిక్ కవర్లు, వాటి మీద బిగించిన తాడు, అన్నీ భద్రంగా చేరాయి. ముడి విప్పలేక కత్తెర పెట్టాను. పాత టేపులన్నీ కంప్యూటర్లో చూసుకునేలా మార్పించడానికి మీరు ఆ షాపు చుట్టూ కాలికి బలపం కట్టుకుని తిరిగారని తెలుసు. ఈ మేలు మర్చిపోను.

మొన్న ఫోన్లో పొడిపొడిగా మాట్లాడి పెట్టేశానని కోపం పెట్టుకోకండి. మాది రెండు గదుల ఇల్లు. పక్షవాతం మీ తమ్ముడి మాట పట్టుకుపోయింది గానీ చెవులు పట్టుకుపోలేదు. ఆయన సంగతి ఆయన వింటుండగా ఎలా మాట్లాడను? అందుకే ఉత్తరం. మీరూ ఉత్తరమే రాయండి.

విషయం ఇదీ. ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. "ఈయన ప్రయత్నమే చేయట్లేదమ్మా. మాట పూర్తిగా పోలేదు, వెతుక్కోవాలి. వెతుక్కోనని భీష్మించుకున్నాడు. మే పదిహేను దాకా చూస్తాను. అప్పటికీ మార్పు లేకపోతే ఈయన టైము ఇంకొకరికి ఇవ్వక తప్పదు" అంది. చివరికి తనే ఒక దారి చెప్పింది. ఆయన పాత గొంతు, ఇంట్లో మామూలుగా మాట్లాడిన మాటలు, ఓ పది నిమిషాలు వరసగా చేర్చి రోజూ వినిపించమంది. తన గొంతు తను వింటే, దాంతో పాటు అనాలనిపిస్తుందట.

బస్సులో ఇరవై ఏళ్ళు "ముందుకి జరగండమ్మా" అని అరిచిన కండక్టరు వదినా! ఇప్పుడు మంచినీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూస్తాడు, అంతే.

కాబట్టి నాకిప్పుడు వీడియోలు కోసి అతికే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. జాకెట్ కోయడం తప్ప ఇంకేమీ రానిదానికి అర్థమయ్యేలా ఉండాలి. పిల్లని అడుగుదామంటే దానికి హాస్టల్లో ఫైనల్ పరీక్షలు. దాన్ని కదపొద్దని వాళ్ళ నాన్న చెయ్యి ఊపి మరీ చెప్పాడు. మీరు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు టైపిస్టుగా చేసినవారు. ఏది పెట్టుకోమంటారో మీరే చెప్పండి.

మీ మరదలు


మూడో అంతస్తు,
మార్చి 9

మరదలు పిల్లకు ఆశీస్సులు.

ముడి విప్పే ఓపిక లేనిదానివి వీడియోలు ఏం ఎడిట్ చేస్తావో నాకు తెలియదు. సరే, నా తమ్ముడు చంటిగాడి కోసం అంటున్నావు కాబట్టి కనుక్కున్నాను.

మా కింది ఫ్లాట్లో ఒకతను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. అతను వాడేదాని పేరు వేరే కాగితం మీద రాసి జత చేశాను. అందులో లేని పని లేదట. సినిమాలు తీసేవాళ్ళు కూడా అదే వాడతారట. తీసుకుంటే మంచిదే తీసుకోవాలి, మళ్ళీ మళ్ళీ మార్చే పని ఉండదు. ముందు పాఠాలు చదువు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. నీకు చదవకుండానే చెయ్యి పెట్టే అలవాటుంది.

టేపుల్లో పనికొచ్చేవన్నీ పంపాను. చంటిగాడికి వేళకి మందులు వెయ్యి.

మీ వదిన


కుట్టు గది,
మార్చి 24

వదినగారికి,

నమస్కారాలు మళ్ళీ పెడతాను. ముందు నా గోడు వినండి.

మీ సినిమావాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికే ఒక పూట పట్టింది. తెరిస్తే బీరువాలో సామానంతా నేలమీద కుమ్మరించినట్టుంది. ఎటు చూసినా మీటలు. కత్తెర బొమ్మ కోసం వెతికితే అక్కడ బ్లేడు బొమ్మ ఉంది. అది నొక్కితే బొమ్మ ఒక చోట తెగింది, మాట ఇంకో చోట తెగింది. పిల్ల నవ్వుతుంటే మీ తమ్ముడి దగ్గు వినిపిస్తోంది! పిల్ల పాత లాప్‌టాప్ పాపం, మిక్సీలా అరిచి అరిచి ఆగిపోయింది. పాఠాలు చదవమన్నారుగా, చదివాను. మొదటి పాఠంలోనే "మీకు ఇప్పటికే తెలిసినట్టుగా" అని మొదలెట్టాడు. నాకు ఇప్పటికే తెలిసుంటే వాడి పాఠం ఎందుకంట?

అది తీసేసి, "కొత్తవాళ్ళకు అతి సులభం" అని రాసున్న ఇంకోటి పెట్టాను. నిజంగానే సులభం. నాలుగు రోజులు కూర్చుని రెండు నిమిషాల ముక్క తయారుచేశాను. సేవ్ చేశాక చూద్దును కదా, అందరి మొహాల మీదుగా అడ్డంగా వాడి పేరు! నా మొహం అసలు కనపడనే లేదు. ఆ ముద్ర వేస్తానని మొదట్లోనే చెప్పి చావొచ్చుగా? నాలుగు రోజుల పని చేయించుకుని చివర్లో చెప్తాడా?

మూడోది ఇంటర్నెట్లోనే నడిచేది. మన వీడియోలన్నీ ముందు వాళ్ళకి ఎక్కించాలి. ఎక్కించబోతే తొమ్మిది రోజులు పడుతుందని చూపించింది. రెండో రోజు కరెంటు పోయి మళ్ళీ మొదటికొచ్చింది.

తల ప్రాణం తోకకొచ్చింది వదినా. కుట్టాల్సిన యూనిఫారాలు కుప్పగా పడున్నాయి. ఇంకోపక్క మీ తమ్ముడు నన్నూ, ఆ లాప్‌టాప్‌నీ మార్చి మార్చి చూసి, తల పక్కకి తిప్పేసుకుంటున్నాడు. నాకు ఏడుపొస్తోంది. మంచిది కాదు, చేతనయ్యేది చెప్పండి.

మరదలు


మూడో అంతస్తు,
మార్చి 30

అమ్మాయ్,

ఉత్తరంలో కేకలు వేస్తే మూడో అంతస్తు దాకా వినిపించాయి. సరే, తప్పు నాదే. నీకేం కావాలో అడగకుండా ఎవరికో కావలసింది చెప్పాను.

ఇప్పుడు ప్రశాంతంగా విను. నీకు కావలసిన పనులు మూడే. కోయాలి, అతకాలి, వాడి గొంతు పెంచాలి. ఈ మూడూ తెరవగానే కంటికి కనపడకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా మూసెయ్యి. ఇంకోటి, ఏదైనా సరే, ముందు అరనిమిషం ముక్క చేసి సేవ్ చేసి చూడు. ముద్ర వేస్తాడో, డబ్బడుగుతాడో అప్పుడే బయటపడుతుంది. నేను కొత్త టైపు మిషను వస్తే ముందు ఒక్క లైను కొట్టి చూసేదాన్ని, పేజీ మొత్తం కొట్టేదాన్ని కాదు.

అసలు ఆ లాప్‌టాప్‌తో పాటు వచ్చిన ప్రోగ్రాముల్లో ఏమున్నాయో చూశావా? చూసి ఉండవు. వీడియో అనే మాట ఉన్న ప్రతిదీ తెరిచి చూడు.

ఆ గొప్ప సాఫ్ట్‌వేర్ చెప్పినతను నిన్న మెట్ల మీద కనపడి "మీ మరదలికి ఎలా ఉందండీ?" అన్నాడు. "ఆరోగ్యం బాగాలేదు" అని చెప్పాను.

వదిన


కుట్టు గది,
ఏప్రిల్ 8

వదినగారికి నమస్కారాలు, ఈసారి నిండుగా.

దొరికింది! లాప్‌టాప్‌లోనే ఉంది. పేరు కూడా ఉత్త "వీడియో ఎడిటర్", అంతే. తెరిస్తే ఒకటే గీత. దాని మీద వీడియో పరుచుకుంటుంది. ఎక్కడ కోయాలో అక్కడ గుర్తు పెట్టి, రెండుగా చేసి, అక్కర్లేనిది తీసెయ్యడమే. పొరపాటైతే వెనక్కి వెళ్ళే బాణం ఉంది. చాకుపీసుతో గీత గీసి కోసినట్టే ఉంది నాకు. మీరు చెప్పినట్టు అరనిమిషం ముక్క చేసి చూశాను. ముద్రా లేదు, డబ్బూ అడగలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరిగాను.

కానీ సంతోషం రెండు రోజులే. టేపులన్నీ చూశాను. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే కదా, కాబట్టి ఆయన మాటలు కావలసినన్ని ఉంటాయనుకున్నాను. ఏముందక్కడ? "ఇటు చూడు." "నవ్వు." "లైటుకి అడ్డం రాకు." "పిల్లని ఎత్తుకో, ఇంకొంచెం పైకి." అన్నీ కలిపి అతికితే మూడు నిమిషాల నలభై సెకన్లు. అదీ అంతా మందలింపులే! మేడమ్‌కి చూపిస్తే పెదవి విరిచింది. "ఇవి ముక్కలమ్మా. ఎవరితోనో కూర్చుని మాట్లాడింది కావాలి, ఒక మాటకు ఇంకో మాట" అంది.

ఒక సంగతి గమనించాను. ఫైళ్ళ మీద షాపువాడు టేపు నెంబర్లే వేశాడు. ఎనిమిది తర్వాత పది ఉంది. తొమ్మిదోది ఏది?

మీ మరదలు


మూడో అంతస్తు,
ఏప్రిల్ 14

మరదలికి,

తొమ్మిదో టేపులో ఏమీ లేదు. గోడ, సగం స్విచ్‌బోర్డు కనపడతాయి. కెమెరా ఆపడం మర్చిపోయినట్టున్నాడు. అందుకే పంపలేదు. ఉన్నవాటితో సరిపెట్టుకో.

మా లిఫ్టు పాడైంది. మోకాళ్ళ నొప్పి.

వదిన


కుట్టు గది,
ఏప్రిల్ 22

గౌరవనీయులైన వదినగారికి,

కొంప మునిగింది. ఎవరి మీద అరవాలో తెలియక మీకు రాస్తున్నాను.

లాప్‌టాప్‌లో చోటు అయిపోయిందని రోజూ ఒకటే గోల. నేనేం చేశాను? బట్ట కోసి ముక్కలు చేశాక మిగిలిన తానుతో నాకేం పని? కావలసిన ముక్కలు ఎడిటర్లో వరసగా ఉన్నాయి కదా అని అసలు వీడియోలన్నీ తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. మర్నాడు తెరిస్తే ముక్కలున్న చోటల్లా నల్లటి గడులు. "ఫైలు దొరకలేదు" అని ఒక్కోదాని మీదా రాసుంది. అప్పుడు తెలిసింది. ఆ ఎడిటరు దేన్నీ నిజంగా కోయదట! ఎక్కడ కోయాలో గుర్తు మాత్రమే పెట్టుకుంటుందట. అన్నీ అయ్యాక ఎక్స్‌పోర్ట్ అనే మీట నొక్కితేనే నిజం వీడియో తయారవుతుందట. పదహారేళ్ళుగా కత్తెర పట్టినదాన్ని, కోసింది కోసినట్టు చేతికి రాకపోవడం నేనెక్కడా చూళ్ళేదు.

పెన్‌డ్రైవులో ఉన్నాయిలే అని చూస్తే అది ఖాళీ. కాపీ చేయబోయి మొత్తం తీసి లాప్‌టాప్‌లో పెట్టానట. నన్ను నేనే నాలుగు దెబ్బలు కొట్టుకోవాలనిపించింది.

ఇంక ఇరవై మూడు రోజులు. మేడమ్ దగ్గర మీ తమ్ముడు నిన్న కూడా నోరు విప్పలేదు. ఇంటికొస్తుంటే ఆయన బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కండక్టరు టిక్కెట్టు అడిగితే ఆయనకి బదులు నేను చెప్పాను. అప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. ఈ టైము కూడా పోతే ఆయన ఇంక జన్మలో ప్రయత్నించడు వదినా. నాకు తెలుసు.

మీ దగ్గర ఇంకో కాపీ ఉంటే పంపండి. తొమ్మిదోది కూడా పంపండి. గోడ కనపడితే కనపడనివ్వండి. నాకు కావలసింది చూడ్డానికి కాదు, వినడానికి. అందులో మాటలు లేవని మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

మరదలు


మూడో అంతస్తు,
ఏప్రిల్ 27

అమ్మాయ్,

కాపీ ఉంది. కార్బన్ పెట్టకుండా నేను ఏ కాగితమూ కొట్టలేదు. అన్నీ మళ్ళీ పంపుతున్నాను. ఈసారి తీసెయ్యకు, కాపీ చెయ్యి.

తొమ్మిదోది కూడా అందులోనే ఉంది. షాపువాడు ఇచ్చిన రోజే విన్నాను. ఆపేసి, టీ పెట్టుకుని, మళ్ళీ విన్నాను. సిగ్గేసింది.

నువ్వు కుట్టుమిషను కొని ముందు గదిలో పని పెడతానన్న వారం అది, పదహారేళ్ళ కిందట. పిల్ల నడక నేర్చుకుంటుంటే వాడు వీడియో తీసి, కెమెరా ఫ్రిజ్ మీద పెట్టాడు. నువ్వు బట్టలారేయడానికి డాబా మీదకి వెళ్ళావు. నేను మొదలుపెట్టాను. "నీ పెళ్ళానికి దేన్లోనూ నిలకడ లేదురా. ఆరు నెలల్లో ఆ మిషను మూలపడుతుంది, రాసిపెట్టుకో" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నీ వంట గురించి, నీ పుట్టింటి గురించి. వాడు ఒక్క మాట కూడా కింద పడనివ్వలేదు. ఏడు నిమిషాలు. "తనకి చేతిలో పనుంది అక్కా. నాకు ఉద్యోగం ఉంది గానీ అలాంటి పని లేదు" అన్నాడు. "పిల్లని ఎవరు చూస్తార్రా?" అంటే "డ్యూటీ దిగి నేను చూస్తా" అన్నాడు. నువ్వు మెట్లు దిగుతున్న చప్పుడు వినపడగానే ఇద్దరం నోరు మూసుకున్నాం. వాడు నీకు చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు ఇన్నేళ్ళు నాకు ఉత్తరాల్లో నమస్కారాలు పెట్టేదానివి కాదు.

గోడ తప్ప ఏమీ లేదని రాసినప్పుడు నా పరువు చూసుకున్నాను. వాడి నోరు చూసుకోలేదు. నా తమ్ముడు మాట లేకుండా కూర్చుంటే నేను టేపు బీరువాలో దాచాను. నన్నేమన్నా పడతాను.

ఒక్కటే అడుగుతున్నాను. వాడికి వినిపించే ముందు నా మాటలన్నీ కోసెయ్యి. వాడివి మాత్రం ఉంచు. ఈ వయసులో నా నోట ఆ మాటలు వాడు మళ్ళీ వినకూడదు.

వదిన


కుట్టు గది,
మే 19

వదినగారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యం చేసింది కావాలనే. మీ టేపు విన్నాక ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు మీకు రాయకుండా ఉండడానికి జాకెట్లు కుట్టుకుంటూ కూర్చున్నాను. కుట్టినవన్నీ విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది. నా వంట సంగతి సరే, మా పుట్టింటి మాట మాత్రం నేను మర్చిపోను. మీరు వచ్చినప్పుడు తీరిగ్గా తేల్చుకుందాం.

మిషను పెడతానన్నప్పుడు మీ తమ్ముడు నాతో అన్నది "సరే, పెట్టుకో" అని రెండే మాటలు. ఇష్టం లేక అలా అన్నాడేమోనని నాకు ఇన్నేళ్ళూ ఒక మూల ఉండేది. "తనకి చేతిలో పనుంది" అని ఆయన గొంతులో వినేసరికి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మీరు అడిగినట్టే చేశాను. ఇప్పుడు ఆ ఎడిటరు నా చెయ్యి దాటిపోదు. మీ మాటలన్నీ కోసి, ఆయనవి దగ్గరగా చేర్చి, ఎక్స్‌పోర్ట్ కూడా నొక్కి, వినిపించాను. మూడు రోజులు విన్నాడు. నాలుగో రోజు లాప్‌టాప్ మూత వేసేశాడు. అప్పటికి మే ఎనిమిది.

ఆ మధ్యాహ్నం ఆయన పక్క గదిలో నిద్రపోతున్నాడనుకుని, కోయని టేపు నాకోసం నేను పెట్టుకున్నాను. ఆయన నా తరఫున మాట్లాడింది ఇంకోసారి వినాలనిపించింది. మీరు "దేన్లోనూ నిలకడ లేదురా" అన్నారు. టేపులో ఆయన ఇంకా నోరు తెరవలేదు. పక్క గదిలోంచి "కాదు" అని వినపడింది.

నేను భ్రమ అనుకున్నాను. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. మీరు మళ్ళీ అన్నారు. "కాదు!" మంచం మీద లేచి కూర్చున్నాడు వదినా, మొహం ఎర్రగా చేసుకుని. ఇంకోసారి పెట్టమని చేత్తో సైగ చేశాడు. ఆ రోజు మీరు మావాళ్ళని పదకొండు సార్లు తిట్టారు.

మేడమ్ విని నవ్వింది. "ఎవరీవిడ? ఈవిడ మాటలు కోసేశావా? ఎంత పని చేశావమ్మా! ఈయన వరసగా మాట్లాడడు, ఎదురు మాట్లాడతాడు" అంది. ఇంటికొచ్చి అంతా మార్చాను. ఈసారి మీ తమ్ముడి మాటలన్నీ కోసేసి మిమ్మల్ని ఉంచాను. మీరు ఒక మాట అంటారు, తర్వాత నల్లటి తెర, పావు నిమిషం ఖాళీ. ఆ ఖాళీ ఆయనది. మొదట్లో ఒట్టి "కాదు". తర్వాత "నువ్వాగు". పదిహేనో తారీఖున మేడమ్ ముందు "నేను చూస్తా" అన్నాడు, మూడు ముక్కలుగా. ఆగస్టు దాకా టైము ఇచ్చింది.

ఇబ్బంది ఏమిటంటే, మీ ఏడు నిమిషాలూ అరిగిపోయాయి. ఆయనకి మీ తిట్లన్నీ కంఠతా వచ్చేశాయి. మీరు అనబోయేది ముందే తెలిసి కోపం సరిగా రావట్లేదు. కొత్తవి కావాలి. లిఫ్టు బాగయితే, మోకాళ్ళకి కట్టు కట్టుకుని అయినా సరే, ఒక పది రోజులుండేలా రండి. నన్ను ఏమన్నా అనండి, ఆయన ముందే అనండి. మా పుట్టింటి జోలికి తప్ప దేనికైనా వెళ్ళండి.

వీలైతే ఈ వారమే బయల్దేరండి. ఎందుకంటే, నిన్న నేను కొలతలు తీసుకుంటుండగా లోపల ఆయన ఒక్కడే ఆ వీడియో పెట్టుకున్నాడు. "ఆరు నెలల్లో ఆ మిషను మూలపడుతుంది" అని మీరన్నారు. తర్వాత ఖాళీ. టేపులో ఆ చోట ఆయన అన్నది "చూద్దాంలే" అని. అది అంటాడని నేను చెవి అటే పెట్టాను. ఖాళీ అయిపోవచ్చింది. ఆపేస్తాడనుకున్నాను. అప్పుడు, టేపులో ఎక్కడా లేని మాట, నేను కోయనిది, అతకనిది, ఒక్కో ముక్కా తడుముకుంటూ అన్నాడు.

"పదహారేళ్ళు... అయింది... అక్కా."

మీ మరదలు